మేరీ కార్పెంటరు గారు – ఉపాధ్యాయినుల శిక్షణము

బాలికా పాఠశాలకు భవనము కట్టించుట సులభము. అందు బోధింపఁదగిన యుపాధ్యాయినిని సంపాదించుట దుర్లభము. ఈ సత్యమును మన దేశమున నెలుగెత్తి చాటినవారిలో మేరీ కార్పెంటరు గారు ముఖ్యులు. వారి చరిత్రమును మేము సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వీరు 1807లో ఇంగ్లండునందలి ఎక్సిటరున జన్మించి బ్రిస్టలున పెరిగిరి. 1833లో రాజా రామమోహనరాయలవారు బ్రిస్టలునకు విచ్చేసి, వీరి తండ్రిగారు ధర్మోపదేశము చేయు మందిరమున నుపాసనయందు పాల్గొని, సెప్టెంబరు 27వ తేదీన నచ్చటనే పరమపదించిరి. భారతదేశముపై వీరి యనురాగమునకు రాయలవారి పరిచయమే మూలము. 1846లో నిరుపేద బిడ్డలకు పాఠశాలను, 1854లో దారి తప్పిన బాలికలకు సంస్కరణాలయమును వీరు స్థాపించిరి.

1866లో, తమ 59వ యేట, వీరు భారతదేశమునకు వచ్చి బొంబాయి, మదరాసు, కలకత్తా నగరములను దర్శించిరి. బాలికలకు బోధించువారు మిక్కిలిగా పురుషులే యగుటచే, పిల్లలు కొంచె మెదిగినంతనే బడి మానుచుండుట కనిపెట్టిరి. స్త్రీలకు ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలు కావలెనని ప్రభుత్వమును కోరిరి.

స్త్రీవిద్యకై పాటుపడిన ఈశ్వరచంద్ర విద్యాసాగరులవారే దీనికి సమ్మతింపరైరి. గౌరవ కుటుంబములవారు ఎదిగిన స్త్రీలను ఈ వృత్తికి పంపరని 1867లో వారు ప్రభుత్వమునకు వ్రాసిరి. వారి యూహ వ్యర్థము కాలేదు. బెథ్యూను పాఠశాలకుఁ జేర్చి 1869లో తెరచిన శిక్షణాలయము 1872లో మూతపడెను. అయినను 1871లో కేశవచంద్రసేనులవారు స్త్రీల శిక్షణ పాఠశాలను వేరుగా నెలకొల్పిరి. కార్పెంటరు గారు నాలుగు పర్యాయములు మన దేశమునకు వచ్చి, 1877లో స్వర్గస్థులైరి.

ఇందు విచారింపఁదగిన దొకటి గలదు. విద్యాసాగరులవారు చూపిన యాటంకము ప్రభుత్వ శాసనముచేఁ దొలఁగునది కాదు. అది గృహస్థుల గడప లోపలిది. 1874లో వీరేశలింగము పంతులవారు ధవళేశ్వరమున బాలికా పాఠశాల పెట్టినప్పుడును తెలుగు గృహస్థుల సమ్మతియే మొదట కావలసి వచ్చెను.

గద్వాల, వనపర్తి సంస్థానములు పండితపోషణకుఁ బేరొందినవి. అయినను 2011 జనగణనము నాఁటికి, నేఁటి జోగులాంబ గద్వాల జిల్లా ప్రాంతమున అక్షరాస్యులు సగము కంటెఁ దక్కువ. పండితులను పోషించుటచే పల్లెలకు విద్య రాదని యిది తెలుపుచున్నది. నేఁడు శిక్షణ కళాశాలలకుఁ గొదువ లేదు. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతముల విద్యావంతులు తమ కుమార్తెను గాని కోడలిని గాని యుపాధ్యాయినిగాఁ జేసి, సమీప గ్రామమునకు సంతోషముతోఁ బంపుదురేని, కార్పెంటరు గారి శ్రమకు మన సీమలో ఫలము గలుగును. పరమేశ్వరుఁ డట్టి సద్బుద్ధి ననుగ్రహించుఁ గాక.