పాలవెల్లి నడిబొడ్డు

విద్యార్థులారా, శ్రావణమాసమున మబ్బు విడిచి చంద్రుడు లేని రాత్రి, ఇంచుమించు ఎనిమిది గంటల వేళ, ఆటస్థలమున దక్షిణ దిక్కునకు తిరిగి నిలువుడు. ఎఱ్ఱని జ్యేష్ఠా నక్షత్రమును, దానికి ఎడమగా కొక్కెమువలె వంగిన వృశ్చికపు తోకను, ఆ తోక చివరనున్న మూలా నక్షత్రమును సులభముగా గుర్తింపవచ్చును. చేయి చాచి పిడికిలి పట్టి, మూలకు పైగా ఇంచుమించు ఒక పిడికిలి దూరము కొలువుడు. అది ధనూరాశి. మన నక్షత్రలోకముయొక్క కేంద్రము ఆ వైపుననే, సుమారు 27,000 కాంతి సంవత్సరముల దూరమున నున్నది.

అయితే అచ్చట మీకేమియు కనబడదు. నడుమ ధూళి మేఘములు దట్టముగ నుండుటచేత, కంటికి తెలియు వెలుగులో లక్ష కోట్ల పాళ్లకు ఒక పాలు మాత్రమే మనలను చేరును. 1918లో హార్లో షేప్లీ యను అమెరికా శాస్త్రజ్ఞుడు కేంద్రమును చూడకయే, దాని చుట్టు గుమిగూడిన గోళాకార నక్షత్ర గుచ్ఛములనుబట్టి దిక్కును నిర్ణయించెను. తరువాత కార్ల్ జాన్‌స్కీ, సముద్రముమీదుగా మాటలాడు టెలిఫోనునకు అడ్డు తగులు రొదను వెదకుచు, 1932లో ఒక సన్నని బుసను వినెను. అది 24 గంటలకు గాక 23 గంటల 56 నిమిషములకొకసారి హెచ్చుచుండెను. అది నక్షత్ర దినము. కావున బుస సూర్యునినుండి గాని భూమినుండి గాని వచ్చునది కాదు! అది పాలవెల్లినుండి వచ్చుచుండెను. ధనూరాశి వైపున మిక్కుటముగ నుండెను. 1974లో బాలిక్, బ్రౌన్ అనువారలు ఆ నడిబొడ్డున మిక్కిలి చిన్నదగు రేడియో బిందువును కనుగొనిరి. దానికే సాజిటేరియస్ ఏ-స్టార్ అని పేరు.

ఈ పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, “అయ్యా, వెలుగే యియ్యని కృష్ణబిలమును చూచితిమనుట కథ కాదా?” అని యడిగెను. మంచి ప్రశ్న. కనబడనివానిని నమ్ముటకు దీనిని దృష్టాంతముగ ప్రసంగములలో వాడగా వింటిని. అది సరికాదని నా తలంపు. ఇచ్చట కావలసినది నమ్మిక కాదు, లెక్క.

పరారుణ కిరణములు ధూళిని చాలవరకు దాటి వచ్చును. వాని సాయమున 1992 మొదలు జర్మనీకి చెందిన గెంజెల్ బృందము చిలీ దేశమునుండియు, 1995 మొదలు అమెరికాకు చెందిన ఆండ్రియా గెజ్ అను విదుషి బృందము హవాయి ద్వీపమునుండియు ఆ చోటి నక్షత్రములను ఏటేట కొలిచిరి. వానిలో ఎస్-2 అను నక్షత్రము 16 సంవత్సరములకొక చుట్టు తిరుగును. దాని కక్ష్యయొక్క సగటు దూరము, భూమికి సూర్యునికి గల దూరమునకు 1,000 రెట్లకు కొంచెము మిగులు. కెప్లరు సూత్రమును వేయుడు: 1,000ని ముమ్మారు హెచ్చింపగా 100 కోట్లు, దానిని 16 యొక్క వర్గమగు 256చే భాగింపగా ఇంచుమించు 39 లక్షలు. కేంద్రమునందున్న వస్తువు అన్ని సూర్యుల బరువు గలదన్నమాట. మిగులును కూడ చేర్చి శాస్త్రజ్ఞులు కట్టిన లెక్క 43 లక్షలు. 2018 మే నెలలో ఎస్-2 సెకనుకు 7,600 కిలోమీటర్లకు మించిన వేగముతో దానిని చుట్టి వచ్చెను. అప్పుడు దూరము నెప్ట్యూను కక్ష్యకు నాలుగు రెట్లు మాత్రమే! అంత బరువు అంత యిరుకున నుండియు నక్షత్రములవలె వెలుగకుండుటకు కృష్ణబిలము గాక వేఱు సమాధానము నిలువలేదు. గెంజెల్, గెజ్‌లకు 2020లో నోబెల్ బహుమానము వచ్చెను. అందు సగము రోజర్ పెన్‌రోజ్‌ది.

2022 మే 12న దాని చిత్రమే వెలువడెను. 2017 ఏప్రిలులో భూమిపై ఎనిమిది రేడియో దూరదర్శినులు ఏకకాలమున చూచి కూర్చినది. చుట్టు వాయువు నిమిషములలోనే మారుచుండుటచేత కూర్పునకు అయిదేండ్లు పట్టెను. మనకు కనబడునది బిలము కాదు; దాని నీడయు, చుట్టునున్న వెలుగు వలయమును. చంద్రునిమీద ఒక పెద్ద గారెను పెట్టిన యెడల ఇచ్చటినుండి ఎంత కనబడునో, ఆ వలయమును అంతయే. ప్రశ్న యడిగిన బాలుడు ఆ చిత్రమును సైన్సు గది గోడకు అంటించి, దాని క్రింద తన భాగహారమును వ్రాసి యుంచినాడు. శేషము తప్పినది, ఇంకను దిద్దలేదు.