ముందు అంకెలు పట్టు

నాయనా,

కువైట్‌లో ఇంటి డ్రైవరు పనిలో చేరావనీ, అరబ్బీ రాక తికమకపడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. నేనూ అక్కడ బండి నడిపినవాణ్ణే కాబట్టి రాస్తున్నాను.

అబ్బాసియా, ఫర్వానియా వైపు మన రాయచోటి, రాజంపేట వాళ్లు బోలెడుమంది. హిందీతోనో, ఆఖరికి తెలుగుతోనో రోజు గడిచిపోతుంది. 18 నంబరు వీసా మీద కంపెనీల్లో ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి అట్లే నెట్టుకొస్తారు. నీది 20, కువైటీల ఇంట్లో కొలువు. నీకు అరబ్బీ తప్పదు.

సలాం అలైకుం, షుక్రన్ లాంటివి కూర్చుని నేర్చుకోనక్కర్లేదు, చెవినపడి వాటంతటవే వస్తాయి. పట్టుబట్టి నేర్వాల్సింది అంకెలు. వాహిద్, ఇత్‌నేన్, తలాతా, అర్బా, ఖంసా, సిత్తా, సబా, తమానియా, తిసా, అష్రా. ఎందుకంటావా? అక్కడ అడ్రసంటే అంకెలే. ఏరియా పేరు చెప్పి, ఖితా ఫలానా, షారే ఫలానా, ఇల్లు ఫలానా అంటారు. ఖితా బ్లాకు, షారే వీధి. మనూళ్లో మాదిరి రాములోరి గుడి వెనక, వేపచెట్టు పక్కన అని ఎవరూ చెప్పరు. ఊరి చుట్టూ తిరిగే రింగ్ రోడ్లకూ నంబర్లే పేర్లు. దాయరీ ఖామిస్ అంటే ఐదో రింగ్ రోడ్డు. ఇదంతా ఫోన్లో గబగబా చెప్పి పెట్టేస్తారు.

ఇరవై దాటాక ఒక చిక్కుంది. ఒకట్లు ముందు పలుకుతారు. ఖంసా వ ఇష్రీన్ అంటే ఐదూ ఇరవై, 25. ముందు ఐదు విని నువ్వు 52లోకి దూరావో, గల్లీలన్నీ తిరగాల్సిందే. రాసిన అంకెల్లోనూ చూసుకో: గుండ్రంగా మన సున్నాలా ఉండేది వాళ్ల ఐదు, సున్నాకు చుక్క పెడతారు. అక్షరాలు కుడి నుంచి చదివినా అంకెలు మాత్రం మన మాదిరే ఎడమ నుంచి చదవాలి.

అంకెలు వస్తే వారాలు సగానికి పైగా వచ్చినట్టే. ఆదివారం అహద్‌తో మొదలుపెట్టి ఇత్‌నేన్, తలాతా అంటూ గురువారం ఖమీస్ దాకా అవే. జుమా, సబ్త్ అంటే శుక్ర, శనివారాలు సెలవులు. డబ్బుకొస్తే, దీనారుకు 1000 ఫిల్సు. పావు రుబా, అర నుస్. జమియాకు, అంటే సహకార దుకాణానికి సరుకులకు పంపితే ఫాతూరా, అంటే బిల్లు తెచ్చివ్వు, మాట రాదు.

కుడి యమీన్, ఎడమ యసార్. నేరుగా పొమ్మనడానికి మన హిందీ సీదానే వాడతారు, అది నీకు ఊరికే దొరికినట్టు. ఆపమంటే వగ్గిఫ్.

అర్థం కాకపోయినా జైన్, జైన్, అంటే సరే సరే అని తలూపే అలవాటు మనవాళ్లకు మహా చెడ్డది. మా ఫహమ్త్, అర్థం కాలేదు అను. షువయ్ షువయ్ అంటే నిదానంగా చెప్తారు. కసిరినా పరవాలేదు, తప్పుడు చోటికి తీసుకెళ్తే అంతకంటే ఎక్కువ కసురుతారు. యజమానురాలిని మామా అనాలి. ఆడమనిషిని అట్లా పిలవడానికి మొదట్లో నోరు రాదులే, వాళ్లకది అమ్మ. రూమ్‌లో కుర్రాళ్లు ముందుగా నేర్పేది బూతులు. నవ్వుకో గానీ ఆ ఇంట్లో నోరు జారొద్దు.

ఇంకో మూడు మాటలు గట్టిగా గుర్తుపెట్టుకో: మాష్ అంటే జీతం, ఇజాజా అంటే సెలవు, జవాజ్ అంటే పాస్‌పోర్టు. జీతమడిగితే బాచిర్ ఇన్‌షా అల్లా అంటారు, రేపు చూద్దామని. అది ఎగవేతే కానక్కర్లేదు. అయ్ యోమ్ అని ఏ రోజో మర్యాదగా అడిగి తేల్చుకో. 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్లకు వారానికో సెలవు ఇమ్మంటుంది, రోజుకు 12 గంటలు మించొద్దంటుంది, నువ్వు ఒప్పుకోకుండా జవాజ్ దగ్గర పెట్టుకోకూడదంటుంది. అరబ్బీ కాగితం ముందుపెట్టి సంతకం పెట్టమంటే షినూ హాదా, ఏమిటిదని అడుగు. చదివి చెప్పే మనిషి దొరికేదాకా పెన్ను ముట్టొద్దు.

ఒంట్లో బాగాలేకపోతే నొప్పి ఉన్నచోటు చూపించి యావ్విర్ని అను. తలకు రాసీ, కడుపుకు బత్నీ ముందు చేర్చు. మరీ ఆపదైతే 112.

జుమా రోజు ఫోన్ చేస్తాను. మీ ఇంటి అడ్రసు మొత్తం అరబ్బీలో అప్పజెప్పాలి.

మీ చిన్నాయన