కొవ్వు తీయు శస్త్రచికిత్స: రెండు సందేహములు

ప్రశ్న: నా వయస్సు 34 ఏండ్లు, బరువు 68 కిలోలు. రెండు కాన్పులైనవి; చిన్నవానికి నాలుగేండ్లు. మా పొలమును సోలార్ పార్కుకు కౌలుకిచ్చిన తరువాత కలుపుతీత, శనగకాయ పెరుకుడు ఏమియు లేక ఇంటిపట్టుననే ఉంటున్నాను. పొత్తికడుపు మీద మడత పడినది. తిండి తగ్గించినను, నడచినను అది పోలేదు. బెంగుళూరులో ఒక క్లినిక్కువారు పూర్తిమత్తు అక్కరలేదనియు, పొట్టకు మాత్రమే మత్తు సూదులిచ్చి లైపోసక్షన్ చేసి సాయంత్రమునకే ఇంటికి పంపెదమనియు అన్నారు. పేపర్లలో చదివిన చావుల సంగతి చెప్పి మా అత్తగారు వద్దంటున్నారు. ఇది నిజముగా అంత చిన్న పనియేనా? — ఒక సోదరి, తిరుమణి, పావగడ తాలూకా

జవాబు: అమ్మా, కన్నబిడ్డల వలన మారిన దేహమును గూర్చి దిగులుపడుట తప్పు కాదు, దానికి చికిత్స కోరుటయు తప్పు కాదు. అయితే క్లినిక్కువారు చెప్పినది సగము మాత్రమే నిజము. తక్కిన సగము మీ ఊరి దూరమునకును, ఆ రాత్రికిని సంబంధించినది.

ముందుగా మీ పొట్టను మీరే పరీక్షించుకొనుడు. వెల్లకిల పరుండి, మోకాళ్ళు ముడిచి, తల కొంచెము పైకెత్తి, బొడ్డునకు పైనను క్రిందను నడిమిగీత వెంట వ్రేళ్ళు మోపి చూడుడు. రెండు వ్రేళ్ళు దూరునంత సందు తగిలినచో, అది కాన్పులలో ఎడబడిన కండరముల లోపము గాని కొవ్వు కాదు. దానిని లైపోసక్షన్ సరిచేయజాలదు. ఆ సందులో హెర్నియా దాగియున్నచో, కొవ్వును పీల్చు గొట్టము ప్రేగును గ్రుచ్చు ప్రమాదము కూడ కలదు. చర్మమును పట్టి వదలినప్పుడు వెంటనే బిగియక వ్రేలాడినచో, లోని కొవ్వు తీసిన పిదప అది మరింత వ్రేలాడును. చేతికి మందముగా చిక్కు కొవ్వు ఒకచోట నిలిచి, మీద చర్మము బిగువుగానున్న వారికే ఈ చికిత్స చక్కగా ఫలించును. బరువు తగ్గించుట దీని పని కానే కాదు.

ఈ విద్య క్షేమకరమగుటకు చాలకాలము పట్టినది. 1920ల నాడు పారిస్‌లో డుజారియే అను శస్త్రవైద్యుడు ఒక నర్తకి కాలి కొవ్వును గీకి తీయబోగా, ఆ కాలు కుళ్ళి, కడకు దానిని తీసివేయవలసి వచ్చినది. 1970ల చివర ఇలూజ్ అను ఫ్రెంచి వైద్యుడు మొనలేని గొట్టమును వాడి రక్తనాళములకు హాని తగ్గించెను. 1987లో కాలిఫోర్నియా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్, పల్చని లిగ్నోకెయిన్ మత్తుమందును అడ్రినలిన్‌తో సెలైన్‌లో కలిపి, చర్మము క్రింద బిగిసి ఉబ్బునంతగా నింపి, మెలకువగానున్న రోగికే కొవ్వు తీయు పద్ధతిని ప్రకటించెను. అడ్రినలిన్ రక్తనాళములను ముడుచుకొనజేయుటచే నెత్తురు బహు స్వల్పముగా పోవును. పూర్తిమత్తు వలని అపాయములును తప్పును. మీకు చెప్పిన పద్ధతి ఇదియే, మంచి పద్ధతియే.

కాని మత్తుమందునకు ఒక హద్దు కలదు. అడ్రినలిన్‌తో కలిపి మామూలుగా ఇచ్చునప్పుడు కిలో బరువునకు 7 మిల్లీగ్రాములు దాటనీయరు. పల్చగా కలిపిన ఈ పద్ధతిలో 35 వరకు నిరపాయమని క్లైన్ 1990లో చూపెను. మీ 68 కిలోలకు అది 2,380 మిల్లీగ్రాములు. లీటరు ద్రవమున 1,000 మిల్లీగ్రాములు కలిపినచో రెండు లీటర్ల పైచిలుకుతోనే మీ హద్దు ముగియును. పొట్టతో పాటు నడుము, తొడలు, చేతులు అన్నియు ఒక్క పూటనే చేసెదమనువారు ఈ లెక్కను మీ యెదుట వ్రాసి చూపవలెను. చూపనిచో లేచి రండు. ఎరిత్రోమైసిన్, కొన్ని శిలీంధ్రనాశక మాత్రలు, ప్రొప్రనలోల్ వంటి మందులు ఈ మత్తుమందును ఒంటినుండి త్వరగా పోనీయవు గనుక, మీరు వాడు ప్రతి మాత్రను వైద్యునికి చూపుడు.

ఇక అసలు సంగతి. ఈ మందు రక్తములో శిఖరమునకు చేరునది శస్త్రచికిత్స బల్లమీద కాదు; సుమారు పన్నెండు గంటల తరువాత. ఉదయము చికిత్స జరిగినచో రాత్రి, అనగా మీరు బస్సు దిగి తిరుమణి చేరి పరుండిన సమయమున! పెదవుల చుట్టు తిమ్మిరి, నోట లోహపు రుచి, చెవులలో హోరు, మాట తడబడుట మొదలైనచో ఆ తరువాత మూర్ఛ రావచ్చును, గుండె లయ తప్పవచ్చును. విరుగుడుగా నరములోనికి ఎక్కించు 20 శాతము కొవ్వు ద్రావణము పెద్ద ఆసుపత్రులలోనే ఉండును. కావున ఆ రాత్రి బెంగుళూరులోనే, ఆసుపత్రికి చేరువగా, తోడు మనిషితో ఉండుడు. ఊపిరి ఆడకపోయినను, పిక్క వాచి నొప్పి చేసినను ఒక్క గడియ ఆగరాదు; అది రక్తపు గడ్డ కావచ్చును.

మీ అత్తగారి భయము ఊరకనే పుట్టినది కాదు. 2022 మేలో బెంగుళూరులోనే 21 ఏండ్ల కన్నడ నటి చేతనా రాజ్ కొవ్వు తీయు శస్త్రచికిత్స అనంతరము మరణించినది. 2015 జూన్ 6న న్యూజెర్సీలో కన్నుమూసిన మన తెలుగు సినిమా నటి ఆర్తీ అగర్వాల్ అంతకుముందు లైపోసక్షన్ చేయించుకొన్నదని పత్రికలు వ్రాసినవి. ఆమె మృతికి అదియే కారణమని మాత్రము అనరాదు. మీ అత్తగారిని కూడ వెంట తీసికొనిపోయి, ప్లాస్టిక్ సర్జరీలో పట్టా గల వైద్యుని ముందర ఆమె సందేహములను అడుగనిండు.

చికిత్స పిదప నాలుగైదు వారములు బిగుతు కట్టు ధరింపవలెను. వాపు పూర్తిగా తగ్గి రూపు తేలుటకు మూడు మొదలు ఆరు నెలలు పట్టును.

ప్రశ్న: వయస్సు 47. షుగరున్నది, పొట్ట పెద్దది. కొవ్వు తీయించుకొన్నచో షుగరు తగ్గునా? — ఒక పాఠకుడు, మడకశిర

జవాబు: తగ్గదు. అమెరికాలో 15 మంది స్థూలకాయ స్త్రీలకు పొట్ట చర్మము క్రింది కొవ్వు ఇంచుమించు 10 కిలోలు తీసి, రెండున్నర నెలల పిదప పరీక్షింపగా, ఇన్సులిన్ పనితనము గాని రక్తపోటు గాని మెరుగుపడలేదని 2004లో ప్రకటించిరి. షుగరును పెంచునది ముఖ్యముగా ప్రేగుల చుట్టును కాలేయములోను చేరిన కొవ్వు. అక్కడికి ఈ గొట్టము పోదు, పోరాదు. నడకయు, మితాహారమును మాత్రము ఆ లోపలి కొవ్వునే ముందుగా కరగించును. మీ నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు మించినచో, మూడు నెలల చక్కెర సగటును తెలుపు పరీక్ష చేయించుకొని, ఆ కాగితముతో మీ వైద్యుని కలియుడు.