వధించిన పశువులలో క్షయవ్యాధి నిర్ధారణ – జన్యురూప నిర్ణయం

ఉపోద్ఘాతం

పశువుల క్షయవ్యాధికి ప్రధాన కారకం మైకోబాక్టీరియం బోవిస్. వ్యాధి సోకిన పశువు చాలాకాలం ఆరోగ్యంగానే కనిపించవచ్చును. ఈ క్రిమి శ్వాస ద్వారా మందలోను, కాచని పాల ద్వారా మనుషులకును వ్యాపిస్తుంది. ట్యూబర్కులిన్ పరీక్షలు క్రమంగా జరుగని దేశాలలో వ్యాధి ఉనికిని తెలిపే ముఖ్యమైన చోటు పశువధశాల. అయితే అక్కడ కంటికి కనిపించే గడ్డ క్రిమి జాతిని గాని, దాని వంశాన్ని గాని తెలుపజాలదు.

నమూనా సేకరణ, వర్ధనం

గొంతు వెనుక, శ్వాసనాళాల చెంత, పేగుల పొరలలో ఉండే లింఫ్ గ్రంథులను, ఊపిరితిత్తులను పలుచగా కోసి పరిశీలించాలి. జున్ను వంటి పదార్థముతో నిండి, కోసినప్పుడు సున్నపు రేణువులు తగిలే గడ్డలు అనుమానాస్పదములు. కొన్ని ఇతర బాక్టీరియా, పరాన్నజీవులు కూడా ఇటువంటి గడ్డలను కలిగిస్తాయి. కనుక ప్రయోగశాల నిర్ధారణ తప్పనిసరి.

నమూనాను 4 శాతం సోడియం హైడ్రాక్సైడుతో శుద్ధిచేసి, తటస్థీకరించి, లోవెన్‌స్టీన్-జెన్సన్ యానకంపై 37 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 8 వారాలు పెంచాలి. ఈ క్రిమి గ్లిసరాల్‌ను వినియోగించుకొనలేదు. అందువలన పైరువేట్ కలిపిన యానకం కూడా వాడనిచో, వ్యాధి ఉన్నను లేదని ఫలితం రావచ్చును.

జన్యురూప నిర్ణయం

స్పోలిగోటైపింగ్ పద్ధతిలో క్రిమి జన్యుపదార్థంలోని 43 స్పేసర్ల ఉనికిని పరీక్షిస్తారు. మైకోబాక్టీరియం బోవిస్‌లో 3, 9, 16, 39 నుండి 43 వరకు గల స్పేసర్లు ఉండవు. మాలి, నైజీరియా, కామెరూన్, చాద్ దేశాల పశువులలో 30వ స్పేసరు కూడా లోపించిన వంశాన్ని 2009లో ‘ఆఫ్రికన్ 1’గా వర్ణించారు. ఇథియోపియా, ఉగాండా, బురుండి, టాంజానియాలలో 3 నుండి 7 వరకు స్పేసర్లు లేని ‘ఆఫ్రికన్ 2’ను 2011లో వర్ణించారు. ఒకే వంశం పలు దేశాలలో ఉన్నందున, ఒక దేశం మాత్రమే చేపట్టే నివారణ చర్యలు చాలవు. అయితే ఒకే నమూనా కనిపించినంత మాత్రాన ఒక మంద నుండి మరొక మందకు వ్యాధి సోకినదని నిర్ధారించరాదు. అందుకు సంపూర్ణ జన్యుక్రమ విశ్లేషణ అవసరం.

మన ప్రాంతానికి అన్వయం

వెల్లూరులో సేకరించిన మానవ క్షయ నమూనాలపై 2020లో ప్రచురితమైన పరిశోధనలో, బి.సి.జి. టీకా క్రిమిని మినహాయిస్తే, మైకోబాక్టీరియం బోవిస్ కనిపించలేదు. మైకోబాక్టీరియం ఒరిగిస్ కనిపించింది. బోవిస్‌లో లోపించే ఆర్.డి.4 జన్యుభాగం ఒరిగిస్‌లో ఉంటుంది. ఆ లోపాన్ని మాత్రమే వెదకే పరీక్ష ఒరిగిస్‌ను పట్టజాలదు.

ముగింపు

బోవిస్ పైరజినమైడ్ ఔషధానికి సహజంగానే లొంగదు. క్షయ చికిత్సలో ఈ ఔషధం ముఖ్యమైనది. కావున పశువధశాలలో దొరికిన క్రిమి జాతిని గుర్తించుట పశువైద్యానికే గాక, పశుపోషకుల, మాంసపు కార్మికుల చికిత్సకును అవసరం. బోవిస్, ఒరిగిస్ రెండింటిని వేరుచేయగల పరీక్షలనే ఎంపిక చేసుకొనవలెను.