నడుముకు వేలాడే పాల కొక్కెం

అక్కచెల్లెళ్లూ, నగ అంటే మనకేంటి? పెళ్లికి పెట్టుకుని, మర్నాడు తీసి బీరువాలో దాచేది. టిబెట్ పచ్చికబయళ్లలో జడలబర్రెలు మేపుకునే ఆడవాళ్లకు అలా కుదరదు. వాళ్ల నగ పొద్దున్నే పనిలోకి దిగాలి. నడుము పట్టీకి ఒక కొక్కెం వేలాడుతుంటుంది. పాలు పితికేటప్పుడు బిందె జారకుండా దానికి తగిలిస్తారు. దాని పక్కన సూదుల గొట్టం, చిన్న కత్తి. రానురాను ఆ కొక్కేనికి వెండి చెక్కడాలు, పగడాలు ఎక్కి, పాలు పితకని పండగనాడు కూడా పెట్టుకునే సింగారమైంది. వాళ్ల నగలన్నిటిలో నా ఓటు దీనికే!

అన్నీ నడుముకే ఎందుకంటారా? వాళ్లు కట్టే చుబా అనే పొడవాటి అంగీకి గుండీలతో పెద్దగా పనిలేదు. ఒక అంచు మీద ఇంకో అంచు చుట్టి, నడుం దగ్గర పట్టీ బిగిస్తారంతే. బట్ట నిలిచేది ఆ కట్టు మీదే, కాబట్టి వెండీ అక్కడికే చేరింది. మధ్య టిబెట్‌లో పెళ్లైనవాళ్లు దానిపై ముందువైపు పంగ్‌దెన్ అనే అడ్డచారల ఏప్రన్ కడతారు. చలికాలంలో మన ఊళ్లకొచ్చి స్వెటర్లమ్మే టిబెటన్ అక్కల దగ్గర చూసే ఉంటారు. దాన్ని మూడు సన్నటి గుడ్డ పట్టీలు కలిపి కుడతారు. పక్కపక్క చారలు కలవలేదని కుట్టును తప్పుపట్టకండి, కావాలనే అలా కుడతారు.

మెడలో గావు అనే తాయెత్తు డబ్బీ, లోపల మంత్రాల కాగితాలు. చెవులకు పెట్టేవి ఎంత బరువంటే, మన చెంపసరాల్లాగే వాటినీ జుట్టుకో తలసింగారానికో తగిలించాల్సిందే. పగడాలు మాత్రం సముద్రమే లేని ఆ దేశానికి మధ్యధరా తీరం నుంచి వర్తకుల చేతులు మారుతూ వచ్చేవి.

డాబు చూపడానికి చుబా అంచులకు పులి, చిరుత, నీటికుక్క తోళ్లు కుట్టించుకునేవారు కూడా. ఆ మోజుకు పగ్గం పడింది మన గడ్డ మీదే! 2006 జనవరిలో అమరావతి కాలచక్ర బౌద్ధ సభల్లో దలైలామా, ఇక ఆ తోళ్లు తొడగొద్దని గట్టిగా చెప్పారు. కొద్ది వారాల్లోనే టిబెట్‌లో జనం బోలెడంత ఖరీదు చేసే తోలంచు బట్టల్ని వీధుల్లో కుప్పపోసి తగలబెట్టారు.