సుత్తి లేని వంపు

ఉద్దానం పల్లెల నుంచి చాలామంది వెల్డింగు పనులకు దూర దేశాలు వెళతారు. అలా వెళ్లిన ఒక కొడుకు సెలవులకు ఇంటికి వచ్చాడు. తల్లి పలాసలో జీడిపిక్కల పని చేస్తుంది.

"అమ్మా! మా దగ్గర ఇనుప రేకును లేజరు వెలుగుతో వంచుతారు. సుత్తి అక్కరలేదు" అన్నాడు కొడుకు.

"అదేటిరా? వెలుగు ఇనుమును వంచుతాదా?"

"బండి చక్రానికి ఇనుప పట్టా ఎలా వేస్తారు?"

"ఎర్రగా కాల్చితే సాగుతాది. చక్రానికి తొడిగి నీళ్లు పోస్తే బిగుసుకుంటాది."

"ఇదీ వేడి పనే. లేజరు వెలుగు చాలా సన్నం, చాలా వేడి. రేకు మీద గీత గీసినట్టు నడుస్తుంది. గీత వెంట పైపొర కాలి సాగబోతుంది. చుట్టూ ఉన్న చల్లని ఇనుము సాగనివ్వదు. పైపొర అక్కడే నొక్కుకుపోతుంది. చల్లారాక ముడుచుకుంటుంది. అప్పుడు రేకు వెలుగు పడిన వైపు వంగుతుంది. ఒకసారికి వంగేది కొంచెమే. మళ్లీ మళ్లీ నడపాలి."

మొదటి లేజరును 1960లో అమెరికాలో తయారుచేశారు. ఇప్పుడు లేజరుతో ఇనుమును కోస్తారు, అతుకుతారు, వంచుతారు కూడా.

"మరి కళ్లకు?" అడిగింది తల్లి.

"ప్రమాదమే. కొన్ని లేజర్ల వెలుగు కంటికి కనబడదు. రేకుకు తగిలి తిరిగి వచ్చినా చూపు పోవచ్చు. ఆ లేజరుకు తగిన అద్దాలే పెట్టుకోవాలి. చలువ అద్దాలు పనికిరావు."

"జీడి నూనె అంటితే చెయ్యి పొక్కుతాది. మళ్లీ మానుతాది. కన్ను పోతే రాదు నాయనా!"

కొడుకు ప్రయాణం రోజున తల్లి ఒక చీటీ రాసి అతని సంచిలో పెట్టింది. అందులో రెండే మాటలు: "అద్దాలు మరవకు."

ఆలోచించండి: మీ పనిలో ఏ ప్రమాదం ఉంది? మీరు ఏ జాగ్రత్త తీసుకుంటున్నారు? రాయండి.