ఉచితముగా దొరకు క్రికెట్టు

ప్రశ్న: మా అబ్బాయి ఫోనులో ఏదో సైటు తెరచి మ్యాచులన్నియు ఉచితముగా చూచుచున్నాడు. ప్రమాదమేమైనను కలదా?
— ఒక తండ్రి, కోడుమూరు

జవాబు: సామాన్య కుటుంబమునకు, ఆట చూచుటకై చందా కట్టుట భారమే గనుక, రొక్కమడుగని సైటు పిల్లవాని నాకర్షించుటలో వింత లేదు, అతనిని నిందింపవలదని మొదట నా మనవి. కాని ఊరక చూపువాడు తన రాబడిని వేరొక మార్గమున రాబట్టుకొనును. ప్లే గుర్తును తాకినంతనే మరియొక పేజీ తెరచుకొని పందెముల యాప్‌ను దించుకొమ్మనును. లేదా ఫోనుకు వైరస్ సోకినదని బెదరించి ఏపీకే అను యాప్ ఫైలు నంటగట్టును. దానికి ఎస్సెమ్మెస్‌లు చదువు అనుమతి నిచ్చినచో, బ్యాంకు పంపు ఓటీపీ పరహస్తగతమగును. 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు ఐబొమ్మ యను పైరసీ సినిమాల సైటు నిర్వాహకుని అరెస్టు చేసినప్పుడు, సినిమాలను ఎరగా చూపి ప్రేక్షకులను బెట్టింగ్ యాప్‌ల వైపు మళ్లించెనన్నది వారి ఆరోపణలలో నొకటి. క్రీడల సైట్ల పోకడయు నిదియే.

ఉచితముగా చూచుటకు సరియైన మార్గమును కలదు: 2007 నాటి చట్టమువలన భారత పురుషుల జట్టు ఆడు వన్డేలు, టీ20లు దూరదర్శన్ ఫ్రీ డిష్‌లో నెలచందా లేకయే లభించును. ఐపీఎల్ మాత్రము ఇందు చేరదు. అబ్బాయి ఫోనులో తెలియని యాప్‌లున్నచో నేడే తొలగింపుడు. ఖాతానుండి సొమ్ము పోయినచో, క్షణమైనను జాగు సేయక సైబరు నేరముల సహాయ సంఖ్య 1930కు ఫోను చేయుడు.